50 టన్నుల లోబెడ్ రెండేళ్లు తిప్పాక: మెడ సూపర్, ప్లేటు మీద అంకెని మాత్రం నమ్మకండి

కొన్న వారంలోనే ఐదు స్టార్లు కొట్టేసే రివ్యూలు నేను చదవను, అందుకే రెండేళ్లు తిప్పి, ఒకసారి డెక్ చెక్కలు కూడా మార్పించి ఇప్పుడు రాస్తున్నా. బండి 3 యాక్సిళ్ల లోబెడ్, అంటే పెద్ద మెషిన్లు మోసే, డెక్ (సామాను పెట్టే తలం) నేలకి దగ్గరగా ఉండే ట్రైలర్, 50 టన్నులది, ముందు గూస్‌నెక్, అంటే డెక్‌ని లాగే లారీకి కలిపే వంపు భాగం, హైడ్రాలిక్ మీద ఊడొచ్చే రకం. మేం దాన్ని మెడ అనే అంటాం. లాగేది 6×4 పుల్లర్, అంటే ఆరు చక్రాల స్థానాల్లో నాలుగింటికి ఇంజన్ గుంజుడు అందే లారీ. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇక్కడ తిట్టబోయే వాటిలో సగం నేను అడగకపోవడం వల్ల వచ్చినవే.

ముందు అసలు గొడవ. కంపెనీ బిగించిన ప్లేటు మీద 50 టన్నులు అని ఉంటే 50 టన్నుల ఏ సామానైనా ఎక్కించేయొచ్చు అనుకున్నా. కాదు, ఆ 50 ఎన్ని అడుగుల మీద పరిస్తే అని అడగాలి. డెక్ మొత్తం పొడవునా సమానంగా పరిచినట్టు లెక్కేసి 50 అని రాసేవాళ్లున్నారు, నడుమ 12 అడుగుల్లోనే 50 మోస్తుందని రాసిచ్చేవాళ్లూ ఉన్నారు, అమ్మేటప్పుడు రెండూ 50 టన్నుల బండ్లే. 35 టన్నుల పొక్లెయిన్ తీసుకోండి, దాని ట్రాక్ నేలకి ఆనేది దాదాపు 4 మీటర్లు, అంటే 13 అడుగులు, దానితో పేచీ లేదు. అదే ట్రాన్స్‌ఫార్మరో, క్రేన్ వెనక్కి తగిలించే కౌంటర్ వెయిట్ దిమ్మలో అయితే బరువంతా ఆరేడు అడుగుల్లో కూర్చుంటుంది. మేం నాలుగో నెలలో కౌంటర్ వెయిట్లు నడుమ పేర్చి తీసుకెళ్లాం, మొత్తం బరువు 40 కూడా లేదు. దించాక చూస్తే డెక్ మళ్లీ పైకి రాలేదు. ఖాళీ బండిలో డెక్ నడుం కొంచెం పైకి విల్లులా ఉంటుంది చూడండి, అది కావాలని పెట్టిందే, లోడు పడితే చదునై, దించితే మళ్లీ లేవాలి. ఇప్పుడు నేను ఏ పాత లోబెడ్ చూడ్డానికి వెళ్లినా జేబులో దారపుండ ఉంటుంది, రెండు చివర్లకి కట్టి నడుమ ఎంత సందుందో చూస్తా. అమ్మేవాడి మొహం అప్పుడు చూడాలి.

ఇంకోటి, డెక్‌ని మోసే దూలాల పైరెక్క, కిందిరెక్కల్లో వాడేది మామూలు ఉక్కు కాదు. మామూలు ఉక్కు 250 మెగాపాస్కల్ దగ్గర సాగడం మొదలెడితే ఇది 690 దాకా ఆగుతుంది, అందుకే బండి తేలిక, అందుకే డెక్ అంత పల్చగా, నేలకి రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది. కానీ దారిలో దొరికిన వెల్డర్‌తో ఆ రెక్క మీద ఒక కొక్కెం అతికించామో, వేడి తగిలిన చోట బలం పోతుంది, వెల్డింగ్ రాడ్‌లో తేమ ఉంటే పగులు కూడా వస్తుంది, అదీ వెంటనే కాదు, తీరిగ్గా. మా క్లీనర్ టూల్ బాక్స్ కోసం ఒకటి అతికించబోతుంటే టైమ్‌కి చూశా కాబట్టి సరిపోయింది.

మెడ గురించి మాత్రం మంచే చెప్పాలి. ఊడదీసి డెక్ ముందు భాగం నేలకి ఆనించి మెషిన్‌ని ముందు నుంచి నడిపించుకుంటూ ఎక్కించేయడమే. పాత బండిలో వెనక ర్యాంపుల మీద రోలర్ ఎక్కించేటప్పుడు ఇనప డ్రమ్ము ఇనప ర్యాంపు మీద సర్రున జారితే గుండె గుభేల్‌మనేది, ఆ బాధ పూర్తిగా పోయింది. ఇద్దరుంటే చాలు, చేయి తిరిగితే పావుగంటలో మెడ ఊడదీసి మళ్లీ తగిలించొచ్చు.

అయితే ఆ మెడ లేవాలంటే ఆయిల్ ప్రెజర్ కావాలి. అది పుల్లర్‌కి పీటీవో పంపు, అంటే లారీ ఇంజన్ బలంతో తిరిగే ఆయిల్ పంపు, పెట్టించుకుని ఇవ్వాలి, లేదా మెడ మీదే సొంతంగా చిన్న ఇంజన్ ఉండాలి. బరువు తగ్గుతుంది, డబ్బు మిగులుతుంది అని నేను ఇంజన్ వద్దన్నా. ఒకరోజు లోడుతో ఉండగా మా పుల్లర్‌కి క్లచ్ పోయింది, తెలిసినాయన వేరే బండి పంపాడు, దానికి పంపు లేదు. సైట్ దాకా లాగింది గానీ అక్కడ మెడ ఊడదియ్యడానికి దారి లేదు, డోజర్ పైనే కూర్చుని ఉంది, పని వాళ్లు కింద కూర్చుని ఉన్నారు, రెండు రోజులు. ఒకటే పుల్లర్ ఉన్నవాళ్లు ఆ చిన్న ఇంజన్ తప్పకుండా పెట్టించుకోండి.

పుల్లర్‌కీ ట్రైలర్‌కీ జోడీ కుదరడం ఇంకో కథ. ఫిఫ్త్ వీల్, అంటే పుల్లర్ మీద ట్రైలర్ తగిలే పళ్లెం, దాని ఎత్తు ట్రైలర్ డ్రాయింగ్‌లో ఉన్నదానికంటే మాది మూడంగుళాలు ఎక్కువ. మూడంగుళాలేగా అనుకున్నాం, డెక్ ముక్కు లేచింది, కమాన్ కట్టల మీదున్న వెనక చివరి యాక్సిల్ మీద బరువెక్కింది, ఆ టైర్లే ముందు అరిగాయి. మెడలో ఎత్తు మార్చే దిమ్మలు వేశాక గానీ సర్దుకోలేదు. ఆ పళ్లెంలో దూరే ట్రైలర్ కింగ్ పిన్ కూడా రెండంగుళాలదా మూడున్నరదా చూసుకోవాలి, ఒకదాని ఫిఫ్త్ వీల్‌లో ఇంకోటి పట్టదు. పొట్టి ఛాసీ పుల్లర్ అయితే మలుపులో మెడ మూల వచ్చి క్యాబిన్ వెనక పైపులకి తగులుతుందేమో ఖాళీ బండితో తిప్పి చూడండి.

ఇంజన్ ఎంతుండాలి అని అందరూ అడుగుతారు. ఒక లెక్క చెప్తా: మొత్తం బరువు 75 టన్నులు, 100 మీటర్లకి 6 మీటర్లు లేచే ఎత్తు, గంటకి 20 కిలోమీటర్లతో ఎక్కాలంటే చక్రాల దగ్గరే సుమారు 370 హార్స్ పవర్ కావాలి, గేర్లలో పోయేది అదనం. అంటే 400 బండి ఎక్కుతుంది, కానీ పాకుతూ. నన్నడిగితే హార్స్ పవర్ కంటే ముందు ఎత్తులో ఆగి మళ్లీ కదలగలదా అన్నది చూడాలి. కింద గేరు బాగా చిన్నది ఉండాలి, వోల్వో 2016లో తన ఐ-షిఫ్ట్ గేర్ బాక్సుకి క్రాలర్ గేర్లు తెచ్చింది ఇందుకే, గంటకి అర కిలోమీటరు వేగంతో కూడా నడుపుకోవచ్చు. వెనక యాక్సిల్ హౌసింగ్‌లో హబ్ రిడక్షన్, అంటే చక్రం మధ్యలోనే ఇంకో జత గేర్లు, ఉంటే ఇంకా మేలు, చివరి గుంజుడంతా చక్రం దగ్గరే పెరుగుతుంది కాబట్టి యాక్సిల్ నడుమ ఉండే క్రౌన్ పినియన్ గేర్ల మీదా, యాక్సిల్ షాఫ్టుల మీదా భారం తగ్గుతుంది. మాది మామూలు హౌసింగ్, ఒక షాఫ్టు ఇప్పటికే విరిగింది.

దిగేటప్పుడు సంగతి వేరే. లోబెడ్‌కి చిన్న టైర్లు, 17.5 అంగుళాల రిమ్ము, దాన్లో పట్టే బ్రేక్ డ్రమ్ కూడా చిన్నదే, తొందరగా వేడెక్కుతుంది. పుల్లర్‌కి రిటార్డర్, అంటే చక్రాల బ్రేకులు వాడకుండానే వేగం తగ్గించే ఏర్పాటు, లేకుండా కొండదారి లోడ్లు ఒప్పుకోను ఇప్పుడు.

సామాను కట్టే చైన్లు బండితో ఇచ్చినవి గ్రేడ్ 70 (ఉక్కు బలం స్థాయి), అర అంగుళంవి, ఒక్కోటి 5 టన్నుల చిల్లర. సడన్ బ్రేక్‌లో సామాను ముందుకి తోసుకొచ్చే బలం దాని బరువులో 80 శాతం లెక్కలో కట్టాలి, 35 టన్నులకి 28 టన్నులన్నమాట, పక్కలకీ వెనక్కీ బరువులో సగం. వాటిని పక్కన పడేసి గ్రేడ్ 100వి కొన్నా, అదే లావుకి 6.8 టన్నులు, మోసుకెళ్లేవి తక్కువ, మా డ్రైవర్ నడుం నొప్పి కూడా తగ్గిందట.

రేటింగ్ మెడకి 5, డెక్‌కి 3, వైరింగ్‌కి 1. వెనక లైట్ల వైర్లు పైపులో కాకుండా దూలం పక్కన క్లిప్పులతో వేలాడదీశారు, వానొస్తే ఇండికేటర్ కొడితే బ్రేక్ లైటు వెలుగుతోంది.