హాంబర్గ్‌లో గే జంటకి బస: స్టేషన్‌కి ఏ పక్క గది తీసుకోవాలి?

హాంబర్గ్‌లో హోటల్ వెతికేటప్పుడు 'గే ఫ్రెండ్లీ' అన్న ముద్ర కోసం చూడనక్కర్లేదు. ఇద్దరు మగవాళ్లు డబుల్ రూమ్ అడిగితే వింతగా చూసేవాళ్లు అరుదు. జర్మనీలో స్వలింగ వివాహం 2017 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. హాంబర్గ్ మాత్రం 1999లోనే ఇలాంటి జంటల పేర్లు రిజిస్ట్రీ ఆఫీసులో నమోదు చేయడం మొదలుపెట్టింది. చట్టబలం లేని నమోదే అయినా, దేశంలో అదే మొదటిది. కాబట్టి ఇక్కడ ఆలోచించాల్సింది ఏ వీధిలో దిగాలన్నదే.

మెయిన్ స్టేషన్ వెనకాల ఉన్న సాంక్ట్ గేయోర్గ్ పేటలో దిగితే సగం పని తీరినట్టే. గే బార్లు, కాఫీ షాపులు బారులు తీరిన లాంగె రైహె వీధి ఇక్కడే మొదలవుతుంది. కేకులకి కఫే గ్నోజా పాత పేరు. అయితే ఇదే పేటలో హన్జాప్లాట్స్, ష్టైన్‌డమ్ వైపు పరిస్థితి వేరు: మత్తుమందులు, వీధి వ్యభిచారం, రాత్రంతా గోల. చవగ్గా కనిపించే గదులు చాలావరకు అటే ఉంటాయి. ష్టైన్‌డమ్‌కి పగలు వెళ్లండి, అఫ్గాన్, టర్కీ భోజనాలు బాగుంటాయి. పడుకోవడానికి మాత్రం లాంగె రైహెకి, ఆల్‌స్టర్ సరస్సుకి మధ్య సందులే మేలు.

ఆ సందుల్లో గుర్లిట్‌ష్ట్రాసెలోని వెడీనా మా మొదటి ఓటు. రంగురంగుల పాత ఇళ్లన్నీ కలిపి ఒక హోటల్. రచయితలు దిగే చోటుగా పేరుంది. కొంచెం పైన ది జార్జ్ ఉంది, ఇంగ్లీషు క్లబ్బు తరహా అలంకరణ. వేసవి సాయంత్రం దాని మేడమీది బార్ నుంచి సరస్సు కనిపిస్తుంది. రేవు పక్కన కొత్తగా కట్టిన హాఫెన్‌సిటీ పేటలో 25అవర్స్ హోటల్ నావికుల థీమ్‌తో, తుప్పురంగు కంటైనర్‌లో పెట్టిన సౌనాతో సరదాగా ఉంటుంది. కానీ చీకటి పడ్డాక ఆ చుట్టుపక్కల సందడి తక్కువ. బార్లకి వెళ్లాలంటే ప్రతిసారీ రైలెక్కాలి. రాత్రి వినోదాలకి పేరుపడ్డ సాంక్ట్ పౌలి పేటలో ఈస్ట్ హోటల్ ఒకప్పటి ఇనుప ఫౌండ్రీ. చూడ్డానికి అన్నిటికన్నా ఘనం, వారాంతంలో నిద్రకి మాత్రం కాదు.

పాత భవనాల్లో చాలాచోట్ల ఏసీ ఉండదు. జూలైలో కిటికీ తెరిస్తే వీధిలోని గోలంతా గదిలోకి వస్తుంది. అందుకే బుక్ చేసేటప్పుడే 'త్సుమ్ హోఫ్', అంటే లోపలి పెరటివైపు గది, అడగండి. ఇంకొకటి: జర్మన్ డబుల్ బెడ్ అంటే తరచూ పక్కపక్కన చేర్చిన రెండు పరుపులు, రెండు దుప్పట్లు. మిమ్మల్ని విడదీయడానికి కాదు, అక్కడి దంపతులకీ అంతే. ఒకే పరుపు కావాలంటే ముందే రాసి అడగాలి.

మన దేశంలో స్వలింగ జంటలకి పెళ్లి గుర్తింపు లేదు కాబట్టి వీసాకి ఎవరి దరఖాస్తు వాళ్లదే. ఎవరి బ్యాంక్ కాగితాలు వాళ్లవే. హోటల్ బుకింగ్‌లో మాత్రం ఇద్దరి పేర్లూ ఉండాలి; ఒక్కరి పేరే ఉంటే రెండోవారి బసకి రుజువేదన్న ప్రశ్న వస్తుంది. విదేశీయులకి హోటల్లో నింపే ఫారం ఇంకా ఉంది, చెక్-ఇన్‌లో ఇద్దరి పాస్‌పోర్టులూ దగ్గరుంచుకోండి.

రాత్రి షోలకి సాంక్ట్ పౌలిలోని రీపర్‌బాన్ వీధి. 1988లో ష్మిట్ థియేటర్ పెట్టిన కోర్నీ లిట్‌మన్ తర్వాత సాంక్ట్ పౌలి ఫుట్‌బాల్ క్లబ్బుకి అధ్యక్షుడయ్యాడు, గే అని దాచుకోకుండానే. షోలు జర్మన్‌లో నడుస్తాయి. భాష రానివాళ్లకి పక్కనే గ్రోసె ఫ్రైహైట్ వీధిలో ఒలీవియా జోన్స్ డ్రాగ్ బార్ (మగవాళ్లు ఆడవేషాల్లో అలరించే చోటు) సులువు. శుక్ర, శనివారాల్లో ఎస్-బాన్ (లోకల్ రైలు) రాత్రంతా నడుస్తుంది, మిగతా రోజుల్లో ఆఖరి రైలు చూసుకోండి. వారాంతపు రాత్రుల్లో రీపర్‌బాన్ మీద గాజు సీసాలు నిషిద్ధం.

ప్రైడ్ వారం జూలై చివర, ఆగస్టు మొదట్లో వస్తుంది. మేలో రేవు పుట్టినరోజు పండగ. రెండింటికీ లాంగె రైహె చుట్టూ గదులు ముందే అయిపోతాయి. అద్దె మీద నగర పన్ను అదనం, బుకింగ్ సైటు చూపే మొత్తంలో కలిసిందో లేదో చూడాలి.

తిరుగు ప్రయాణంలో చాలామంది బోల్తా పడేది విమానాశ్రయానికి వెళ్లే ఎస్1 లోకల్ రైల్లో. ఓల్స్‌డోర్ఫ్ స్టేషన్‌లో అది రెండుగా విడిపోతుంది: ముందు మూడు పెట్టెలు విమానాశ్రయానికి, వెనకవి పోపెన్‌బ్యూటెల్‌కి. వెనక ఎక్కేశారా, ఓల్స్‌డోర్ఫ్‌లో దిగి ముందుకి పరిగెత్తండి. అదీ తప్పితే పది నిమిషాలకి ఇంకోటి వస్తుంది.