మూడు కంప్యూటర్లు, ఒకే ప్యాడ్: ఈథర్‌ప్యాడ్‌తో మూడేళ్లు

నా కంప్యూటర్లో ఉన్నది ఉబుంటు లినక్సు. గుంటూరులో ఉండే మాస్టారిది పాత విండోస్ మిషను. డాలస్‌లో ఉన్న మా బావమరిది మ్యాక్ తప్ప ముట్టడు. ముగ్గురం కలిసి నెలనెలా ఒక చిన్న పత్రికకు సైన్సు వ్యాసాలు అనువదిస్తాం. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘మాస్టారు దిద్దింది’ అంటూ ఒకే వ్యాసానికి ఆరు ఫైళ్లు మెయిల్లో పోగయ్యాక ఈథర్‌ప్యాడ్‌కి మారాం. బ్రౌజరులో ఒకే పేజీ మీద అందరూ ఒకేసారి రాసుకునే సాఫ్ట్‌వేర్ అది, ఆ పేజీనే ప్యాడ్ అంటారు.

2008లో యాప్‌జెట్ అనే చిన్న కంపెనీ తెచ్చిన సరుకిది. మరుసటేడు గూగుల్ ఆ కంపెనీని కొని సోర్సు కోడ్ బయటపెట్టింది. ఇప్పుడున్నది నోడ్ జేఎస్ (సర్వరులో జావాస్క్రిప్టుని నడిపేది) మీద తిరగరాసినది. సర్వరుకి మా ఇంట్లో మూలనపడ్డ డెస్క్‌టాప్ సరిపోయింది. మిగతా ఇద్దరికీ బ్రౌజరు చాలు. ఖాతా లేదు, పాస్‌వర్డు లేదు, లింకు నొక్కి రాసుకోవడమే. మాస్టారు ఒప్పుకున్నది ఆ ఒక్క సుఖానికే. అదే దాని ప్రమాదం కూడా: మీరుగా తాళం వేయకపోతే లింకు తెలిసిన ప్రతివాడూ దిద్దగలడు.

పెట్టుకోవడం అరగంట పని, 9001 పోర్టు మీద లేస్తుంది. బయటినుంచి వచ్చేవాళ్లని దాని దగ్గరికి చేర్చడానికి ముందు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వరు పెట్టాను. బ్రౌజరుకీ సర్వరుకీ మధ్య ఎప్పుడూ తెరిచి ఉండే దారిని వెబ్‌సాకెట్ అంటారు, దానికి కావలసిన అప్‌గ్రేడ్ హెడర్లు అందులో రాయడం మరిచిపోయాను. మొత్తం ఆగిపోయుంటే వెంటనే తెలిసేది. ఆగలేదు, మాటిమాటికీ సర్వరుని అడుగుతూ నత్తనడక నడిచింది. రెండు వారాలు నెట్‌ని తిట్టుకున్నాక ఆ రెండు లైన్లు చేర్చాను. ఇక్కడ అక్షరం కొడితే డాలస్‌లో అప్పుడే పడింది.

ఎవరు రాసింది వాళ్ల రంగులో కనిపిస్తుంది. మాస్టారిది వంగపండు రంగు. “ఏమయ్యా, నా వాక్యంలోకి పచ్చరంగు దూరిందేం?” అని ఫోనొచ్చిందంటే బావమరిది నిద్ర లేచాడన్నమాట. మొదట్లో “మూడో లైను చూడు” అంటే ఎవరికీ తోచేది కాదు. విండోస్‌లో నిర్మలా, మ్యాక్‌లో కోహినూర్, నా దగ్గర పోతన. ఫాంటు వెడల్పుని బట్టి లైను ఒక్కొక్కరికి ఒక్కోచోట విరుగుతుంది. లైన్ నంబర్లు పెట్టుకున్నాక ఆ గోల పోయింది. అవి ఎంటర్ కొట్టిన చోటునే లెక్కపెడతాయి కాబట్టి అందరికీ ఒకటే.

అసలు తలనొప్పి ఆపరేటింగ్ సిస్టంలతో రాలేదు, కీబోర్డులతో వచ్చింది. ‘సాఫ్ట్‌వేర్’లో పొల్లు విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనబడని సున్నా వెడల్పు అక్షరం ఒకటి పడాలి. నేను కొడతాను, మాస్టారు కొట్టరు. ఆయన రాసిన చోట ‘వ’ వత్తై కిందికి దిగిపోతుంది. ఒకసారి వ్యాసంలోని పదాల పట్టిక తీస్తే ఆ ఒక్క మాటా రెండు చోట్ల వచ్చింది, ‘ఫేస్‌బుక్’ కూడా అంతే. ఇప్పుడు చివర్లో నేనే ఒక చిన్న స్క్రిప్టుతో సరిచేస్తాను. వత్తు ఉండాల్సిన ‘రైల్వే’ని మాత్రం ముట్టుకోకూడదని దానికి చెప్పుకోవలసి వచ్చింది.

ఒక రాత్రి మాస్టారు మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కి, ఏమీ ఎరగనట్టు పడుకున్నారు. ప్యాడ్ పాత రూపాల్ని వరసగా చూపించే టైమ్‌స్లైడర్‌లో వెనక్కి జరిపితే పాఠం చెక్కుచెదరకుండా ఉంది. కాపీ చేసి మళ్లీ అతికించాను. కాకపోతే వ్యాసమంతా నా రంగులోకి మారింది. ఆయన వారం దిద్దుబాట్లు నా ఖాతాలో పడ్డాయని ఇప్పటికీ దెప్పుతారు.

కరెంటు లేకపోతే మాత్రం దిక్కులేదు. మే నెలలో మా ఇంట్లో యూపీఎస్ చేతులెత్తేస్తే ముగ్గురమూ ఆగిపోవాల్సిందే. ఆఫ్‌లైన్లో రాసుకుని తర్వాత కలపడం దీనికి చేతకాదు. పట్టికలు, ఫుట్‌నోట్లు ఉన్న రాతకీ పనికిరాదు. వర్డ్ ఫైలుగా దించుకోవాలంటే సర్వరులో లిబ్రేఆఫీసు అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఉండాలి.

అక్కణ్ణుంచి డీటీపీ ఆయన యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మార్చుకుని పేజీలు కడతాడు. ఆ ప్రూఫుని మాస్టారు ఇప్పటికీ ఎర్ర పెన్నుతో దిద్ది, వాట్సాప్‌లో ఫొటో పంపుతారు.