ఉత్తరం కనబడే గది కావాలి

గది కోసం ఫోన్ చేస్తే లోయ వైపు కావాలా, నీళ్ల వైపు కావాలా అని అడుగుతారు. "ఉత్తరం వైపు ఏముందండీ?" అని నేనడిగితే మాత్రం అవతల కాసేపు చప్పుడుండదు. మొన్నటి అమావాస్య చుట్టూ చుక్కల ఫొటోల కోసం నాలుగు రాత్రులు, మూడు బసలు తిరిగొచ్చాక నేను ముందుగా అడిగే ప్రశ్న అదే అయిపోయింది. చీకటి ఎంత, పరుపు ఎలా ఉంది, వేడినీళ్లు వస్తాయా అన్నవన్నీ దాని తర్వాతే.

నాతో మా తమ్ముడు వచ్చాడు. వాడికి ఫొటోల మీద మోజు లేదు, చలి అసలే పడదు. కారు నడుపుతానన్నాడు, అంతే. నా దగ్గరున్నది పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 24 ఎంఎం, 135 ఎంఎం లెన్సులు, ఒక ట్రైపాడ్. కొత్తగా చేరింది స్టార్ ట్రాకర్. అది అద్దెది.

ట్రాకర్ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. ఆ వేగంతోనే చుక్కలు తూర్పు నుంచి పడమరకి జరుగుతున్నట్టు కనిపిస్తాయి. ట్రాకర్ కెమెరాని కూడా అదే వేగంతో వాటి వెంట తిప్పుతుంది. ఒక్క నిమిషంలో ఆకాశం పావు డిగ్రీ జరుగుతుంది, అంటే నిండు చంద్రుడి వెడల్పులో సగం. ట్రాకర్ లేకుండా నా కెమెరాకి 135 లెన్సు తగిలిస్తే, చుక్క గీత కాకుండా ఎన్ని సెకన్లు తియ్యొచ్చో చెప్పే పాత 500 లెక్క ప్రకారం రెండున్నర సెకన్లు దాటగానే చుక్క గీతవుతుంది. ట్రాకర్ ఉంటే ఒకటి రెండు నిమిషాలు తెరిచి ఉంచొచ్చు. కాకపోతే దాని ఇరుసు సరిగ్గా ఆకాశ ధ్రువం వైపు, అంటే చుక్కలన్నీ దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయో ఆ బిందువు వైపు, చూస్తూ ఉండాలి. మనకి అది ఉత్తరాన, ధ్రువ నక్షత్రం పక్కనే ఉంటుంది. నా కథంతా ఈ ఒక్క షరతు చుట్టూనే తిరిగింది.

అద్దె సంగతి ముందు చెప్పేస్తాను. తీసుకున్నది స్కై-వాచర్ వాళ్ల స్టార్ అడ్వెంచరర్ 2ఐ. 5 కిలోల దాకా మోస్తుందని తయారీదారుల మాట, నా సామాను అందులో సగం కూడా లేదు. వస్తువు మంచిదే, ఇచ్చిన తీరే బాగాలేదు. కెమెరా బరువుకి సరితూగేలా రెండోవైపు తగిలించే ఎదురు బరువు, దాని కడ్డీ సంచిలో లేవు. అడిగితే "చిన్న కెమెరాకి అవి ఎందుకండీ" అన్నారు. నేనూ తలూపాను. కింద వెడ్జిని (ట్రాకర్‌ని వంచి నిలిపే పీఠాన్ని) పక్కలకి జరిపే రెండు మరల్లో ఒకటి అరిగిపోయి ఉందన్న సంగతి రాత్రి పదకొండింటికి, వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు తెలిసింది. ఈసారి అద్దెకి తీసుకుంటే అక్కడే ట్రైపాడ్ మీద బిగించి, ప్రతి మరా తిప్పి చూసి, కెమెరా పెట్టి పది నిమిషాలు నడిపించి చూసుకున్నాకే కదులుతాను. ఇచ్చేవాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

మొదటి బస కొండ మీది రిసార్ట్. ఆకాశం చూడ్డానికే కట్టామన్నట్టుంది వాళ్ల ప్రకటన. గది శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదస్తులు, బాల్కనీ మహా బాగుంది. కాకపోతే అది దక్షిణం వైపు లోయలోకి ఉంది. ఉత్తరాన ఏముందయ్యా అంటే రిసార్టే ఉంది: మూడంతస్తుల గోడ, దాని మీద నీళ్ల ట్యాంకు. పైగా బాల్కనీ చెక్కది. తమ్ముడు మంచినీళ్ల కోసం లోపలికి నడిస్తే కెమెరా తెర మీద చుక్కలన్నీ గంతులేశాయి. తోటలో అడుగుకో దీపం. ఆర్పమంటే మేనేజర్ "సెక్యూరిటీ రూల్ సార్" అన్నాడు. నక్షత్ర దర్శనం పేరుతో రాత్రి తొమ్మిదింటికి ఓ కార్యక్రమం పెట్టారు. ఒకాయన ఆకుపచ్చ లేజరుతో రాశుల్ని చూపించాడు. పిల్లలకి సరదాగానే ఉంది. మా ఫ్రేముల్లో మాత్రం అడ్డంగా పచ్చ గీతలు పడ్డాయి.

ధ్రువ నక్షత్రం కనబడదు కాబట్టి ఫోన్‌లోని దిక్సూచిని నమ్ముకున్నాను. అది చూపించేది అయస్కాంత ఉత్తరం, అసలు ఉత్తరం కాదు. రెంటికీ ఉండే తేడా ఊరిని బట్టి మారుతుంది. దానికి తోడు ట్రైపాడ్‌లోనో రెయిలింగులోనో ఉండే ఇనుము ముల్లుని ఇంకోవైపు లాగుతుంది. అయినా 24 ఎంఎంతో నెట్టుకొద్దామనుకుని నిమిషం ఫ్రేము తీశాను. చుక్కలు బారెడు గీతలయ్యాయి. ట్రాకర్ లేకుండా తీసినా అంత పొడుగు రావు. తమ్ముడు దుప్పట్లోంచి తల బయటికి పెట్టి చూసి, "అన్నయ్యా, అది ఆపేస్తేనే బాగా వచ్చేట్టుంది" అన్నాడు.

వాడు ఎగతాళికన్నాడు గానీ అసలు విషయం అందులోనే ఉంది. ఆపేసి తీస్తే గీత సగానికి తగ్గింది. అంటే యంత్రం చుక్కల వెంట కాదు, వాటికి ఎదురు తిరుగుతోంది! పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, ఉత్తరార్ధగోళానికి ఒకవైపు, దక్షిణార్ధగోళానికి ఇంకోవైపు. నాకంటే ముందు వాడినవాళ్లో, సంచిలో రాపిడో, ఎలాగో అది దక్షిణానికి జరిగి ఉంది. సరిచేశాక 24 ఎంఎంలో ముప్పై సెకన్లు బాగానే వచ్చాయి. 135తో ఆ గుడ్డి అమరిక పనికిరాలేదు. రెండు రాత్రులకి డబ్బు కట్టాం, ఒక రాత్రితోనే బయటపడ్డాం. మిగిలింది తిరిగి ఇవ్వలేదు. ఆ నిబంధన ముందే రాసి ఉంది కాబట్టి తగువు పెట్టుకోలేదు.

రెండో చోటు పెద్ద జలాశయం ఒడ్డున గుడారాలు. చీకటి విషయంలో దీనికి సాటి లేదు. కొండ మీద కృత్తికల్లో కష్టపడి ఆరు లెక్కపెట్టాను, ఇక్కడ తొమ్మిది దాకా వచ్చాయి. ఆకాశపు నలుపుని కొలవడానికి జాన్ బోర్టల్ అనే అమెరికా ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు 2001లో ఒక మెట్ల పట్టీ ఇచ్చాడు. ఒకటి కటిక చీకటి, తొమ్మిది మహానగరం నడిబొడ్డు. నా అంచనాకి ఇది మూడు, కొండ మీద నాలుగో ఐదో. ఉత్తరాన నీళ్లు, వాటికి అవతల ఎక్కడో సన్నటి గట్టు. ధ్రువుడు నిక్షేపంగా ఉన్నాడు. మనం ఎన్ని డిగ్రీల అక్షాంశం మీదుంటే అన్ని డిగ్రీల ఎత్తులోనే ఉంటాడాయన. చెయ్యి చాచి పిడికిలి పెడితే సుమారు పది డిగ్రీలు. మేమున్న చోట రెండు పిడికిళ్లు కూడా నిండలేదు. భూమధ్యరేఖకి దగ్గరవుతున్నకొద్దీ ఆయన ఇంకా దిగిపోతాడు. అందుకే ఉత్తరాన ఒక మోస్తరు చెట్టున్నా కొంప మునుగుతుంది.

మొదటిసారి సరైన ధ్రువ అమరిక చేసింది ఇక్కడే. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువం మీద లేదు. సుమారు 0.6 డిగ్రీ పక్కన ఉంది, నిండు చంద్రుడి వెడల్పు కంటే కాస్త ఎక్కువ దూరం. రోజుకో చుట్టు చొప్పున అది ధ్రువాన్ని చుట్టి వస్తుంది. ట్రాకర్ ఇరుసులో వేలెడు దూరదర్శిని ఉంటుంది, దాని అద్దం మీద గడియారంలాంటి వలయం గీసి ఉంటుంది. ఈ క్షణాన ధ్రువుడు ఆ వలయంలో ఎన్ని గంటల స్థానంలో ఉండాలో ఫోన్‌లోని యాప్ చెబుతుంది. ఎత్తు మరని, పక్క మరల్ని తిప్పుతూ చుక్కని అక్కడ కూర్చోబెట్టాలి. చెప్పినంత తేలిక కాదు. మోకాళ్ల మీద కూర్చుని, మెడ వెనక్కి విరిచి, ఒంటికన్నుతో చూడాలి. అరిగిన మరని బిగిస్తే చుక్క జారిపోయేది. చివరికి అట్టముక్క మడిచి సందులో దోపాను. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, ఆఖరి రాత్రికి ఆరు నిమిషాలకి దిగింది.

ధ్రువుణ్ణి వలయం మీద కాకుండా నడిమధ్యలో పెట్టేస్తే ఏమవుతుందో కావాలనే చూశాను. 24 ఎంఎంకి ఏమీ కాలేదు. 135కి నిమిషం ఫ్రేములు ఒప్పుకోదగినట్టే ఉన్నాయి, రెండు నిమిషాలకి చుక్కలు గింజల్లా సాగాయి. వెడల్పు లెన్సుతో మొదలుపెట్టేవాళ్లు ఈ వలయం లెక్కతో మొదటి రాత్రే బుర్ర పాడుచేసుకోనక్కర్లేదని నా మాట.

అమరిక కుదిరింది, ఆకాశం కుదిరింది, కింద నేల కుదరలేదు. ఒడ్డు మెత్తటి మట్టి. పావుగంటకోసారి ఒక కాలు కాస్త దిగేది, ధ్రువుడు పక్కకి పోయేవాడు. కాళ్ల కింద చదునైన రాళ్లు పెట్టాక నిలిచింది. అంతలో మంచు. పదకొండు దాటగానే లెన్సు మీద ఆవిరి కమ్మింది. తుడిస్తే రెండు నిమిషాల్లో మళ్లీ కమ్మేది. లెన్సుకి చుట్టే వేడిపట్టీ ఒకటి దొరుకుతుంది, పవర్ బ్యాంకు మీద నడుస్తుంది. నేను కొనలేదు, అనవసరపు ఖర్చు అనుకున్నాను. పద్దెనిమిది ఫ్రేములకే కథ ముగిసింది. నీళ్ల పక్కన బస అయితే ఆ పట్టీ లేకుండా వెళ్లకండి.

గుడారాల వాళ్లు మాత్రం మనిషికి తగ్గ సేవ చేశారు. బాటల వెంట మోకాలెత్తు ఎర్రదీపాలే పెట్టారు, ఎర్ర వెలుతురుకి చీకటికి అలవాటైన కళ్లు చెదరవు. పదిన్నరకి జనరేటర్ ఆపేస్తారు కాబట్టి బ్యాటరీలు ముందే నింపుకోవాలి. వాళ్ల చేతిలో లేనిదల్లా సాటి అతిథులు. అర్ధరాత్రి కారొకటి హెడ్‌లైట్లతో వచ్చి, మా ముందే మూడుసార్లు వెనక్కీ ముందుకీ చేసి ఆగింది.

మూడోది పొలం మధ్యలో రెండు గదుల ఇల్లు. ఇది మా జాబితాలో లేదు. దారిలో బోర్డు చూసి తమ్ముడే ఆపాడు. ఏసీ లేదు, వేడినీళ్లు బకెట్టుతో తెచ్చిస్తారు, ఫోన్ సిగ్నల్ మేడెక్కితేనే. పడమట ఏదో పట్నం వెలుతురు ఆకాశం అంచున గొడుగు పట్టినట్టుంది. చీకటిలో జలాశయానికి ఇది తీసికట్టే. కానీ ఇంటి పక్కన సిమెంటు చేసిన కళ్లం ఉంది, గట్టి నేల, ఉత్తరం పూర్తిగా ఖాళీ. వాకిట్లో ఉన్న ఒకే ఒక్క దీపం గురించి ఇంటావిడని మొహమాటపడుతూ అడిగాను.

"కట్టేసుకోండి బాబూ. పడుకున్నాక మాకెందుకు దీపం? కుక్కని కూడా వెనక కట్టేయమంటారా, మీ కాళ్లకి అడ్డం పడుతుంది?"

కుక్క గురించి నేను ఆలోచించనే లేదు. ఆ రెండు రాత్రులూ యాత్రకి గిట్టుబాటయ్యాయి.

ఓరియన్ నక్షత్రమండలం తూర్పున లేచే వేళకి పట్నం వెలుతురు మా వీపు వెనక ఉంది. 135 లెన్సు రంధ్రాన్ని ఎఫ్4కి మూసి, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 1600, ఒక్కో ఫ్రేము నిమిషం. ఫోకస్ కోసం ప్రకాశవంతమైన చుక్కని తెర మీద పెద్దది చేసి, అది సూదిమొన అయ్యేదాకా తిప్పి, రింగు కదలకుండా టేపు వేశాను. ఎదురు బరువు లేదు కదా, కెమెరా బరువు తూర్పు వైపు కాస్త మొగ్గేలా పెట్టాను. అలా ఉంటే పళ్లచక్రాలు వదులు లేకుండా ఒరుసుకుని తిరుగుతాయి. కెమెరాని కొత్త వైపు తిప్పిన ప్రతిసారీ ధ్రువుణ్ణి మళ్లీ చూసుకున్నాను, మూడింట ఒకసారి జరిగే ఉండేవాడు. రెండు రాత్రులకి కలిపి డెబ్బై ఫ్రేములు. చివర లెన్సుకి మూత పెట్టి అదే వ్యవధిలో ఇరవై డార్క్ ఫ్రేములు, కెమెరా సొంత మచ్చల్ని తీసేయడానికి.

ఇంటికొచ్చి ఫ్రేములన్నిటినీ సిరిల్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాను, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే. గాలికి అదిరినవీ, విమానం దాటినవీ తొమ్మిది పక్కన పెట్టాను. ఒక్క ఫ్రేములో బూడిదరంగు మరకలా ఉన్న ఓరియన్ నెబ్యులా, అరవై ఒకటి కలిశాక రెక్కలు విప్పింది. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలోని వాయుమేఘం అది. నాలుగు రెట్లు ఫ్రేములు కలిపితే చిత్రంలోని గరగర (నాయిస్) సగానికి తగ్గుతుంది. అంటే ఇంకో అంత బాగుపడాలంటే ఇలాంటివి ఎనిమిది రాత్రులు కావాలి. ఓరియన్‌ని చుట్టి ఉండే మసక వాయువలయం, ఎర్రటి బర్నార్డ్ వలయం మాత్రం జాడే లేదు. అది మెరిసేది 656 నానోమీటర్ల ఎరుపులో, మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టర్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది. దానికి చీకటి చోటు వెతికి లాభం లేదు.

ఎవరైనా సలహా అడిగితే, పిల్లలతో సుఖంగా ఉండాలంటే కొండ మీదికి వెళ్లండి, ట్రాకర్ ఇంట్లో పెట్టి. పాలపుంతనీ నీళ్లనీ ఒకే ఫ్రేములో కావాలంటే జలాశయం, వేడిపట్టీతో సహా. అక్కడ ట్రాకర్‌లోని సగం వేగం పనికొస్తుంది, నేలా చుక్కలూ రెండూ కొద్దికొద్దిగానే చెదురుతాయి. 135 లెన్సుతో ఒకే వస్తువు మీద గంటలకొద్దీ కూర్చోవాలంటే పొలం ఇల్లే.

ఫొటో పూర్తయ్యాక ఇంటావిడకి ఫోన్‌లో పంపాను. సాయంత్రానికి ఆవిడే ఫోన్ చేసింది. బాగుంది బాబూ, మరి మా చెట్టేదీ అంది. ఫ్రేము కింది మూలలో వాళ్ల పొలం గట్టు మీది చెట్టు కొమ్మ ఉండేది. కెమెరా చుక్కల వెంట తిరిగితే నేల మీదున్నవన్నీ అలుక్కుపోతాయి, అందుకే కత్తిరించేశానని చెప్పాను. ట్రాకర్ ఆపి చెట్టుని విడిగా ఒక్క ఫ్రేము తీసుకుని ఉంటే తర్వాత అతికించేవాణ్ణి. తియ్యలేదు. "అయితే మళ్లీ రావాల్సిందే" అంది.