జీబీఎస్ పేషెంట్లకి అమలాపురంలో మంచి ఫిజియోథెరపీ

మా నాన్నగారికి గులియన్ బారీ సిండ్రోమ్ (జీబీఎస్) వచ్చింది. రోగనిరోధక శక్తే మన నరాల మీద దాడి చేసే అరుదైన జబ్బు. కాళ్లలో మొదలైన నీరసం చేతులదాకా పాకింది. కాకినాడలో ఐవీఐజీ (నరాల మీద దాడిని తగ్గించడానికి రక్తనాళంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఎక్కించాక అమలాపురంలోని ఈ ఫిజియోథెరపీ సెంటర్‌లో చేర్పించాం.

ఈ జబ్బులో కండరాలను మరీ అలసిపోనిస్తే నీరసం ఇంకా పెరగొచ్చు. అది తెలిసిన ఫిజియో దొరకడం మా అదృష్టం. పట్టుకుని నడిచే రెండు కమ్మీల మధ్య నడిపిస్తూ, మోకాలు వణకగానే "చాలు బాబాయిగారూ, కూర్చోండి" అని ఆపేస్తారు. పాదం వాలిపోకుండా స్ప్లింట్ కట్టడం అమ్మకి దగ్గరుండి నేర్పారు. మా కొబ్బరితోటలో ఇసుకనేల అని తెలుసుకుని, దానిమీద అడుగు ఎలా వేయాలో కూడా చెప్పారు. ఫీజు పర్వాలేదు.

సెంటర్ మేడమీద ఉంది, లిఫ్ట్ లేదు. కాళ్లు కదపలేని పేషెంట్లని కుర్చీతో మోసుకెళ్లాలి. దయచేసి కిందకి మార్చండి.