గిటారుకి పనస మేలా, టేకు మేలా?

మా పెరటి షెడ్డు గోడకి రెండు గిటార్లు పక్కపక్కనే వేలాడుతున్నాయి. రెండూ ఎలక్ట్రిక్‌వే, ఫెండర్ కంపెనీ టెలీకాస్టర్ కొలతలే. ఒకదాని బాడీ పనస, రెండోదానిది టేకు. విజయనగరంలో గిటారు ఇంట్లో చేశానంటే ఎవరైనా ముందు అడిగేది "కర్ర బొబ్బిలి పనసేనా?" అనే. పక్కనే గొల్లపల్లిలో తరాలుగా పనస దుంగని తొలిచి వీణలు చేస్తున్నారు కాబట్టి ఆ ప్రశ్న రావడం సహజం. నేనూ ఆ నమ్మకంతోనే మొదలుపెట్టాను. బాడీ వరకు ఆ నమ్మకం నిలబడింది. నెక్ దగ్గరే, అంటే తీగలు నొక్కే పొడుగాటి మెడ దగ్గరే, దెబ్బతిన్నాను.

పనస నాకు డబ్బు పెట్టకుండా దొరికింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు మా మావయ్య పెరట్లో పనస చెట్టు కూడా వేళ్ళతో సహా లేచిపోయింది. "ఎలాగూ పొయ్యిలోకే పోతాది, నీకు పనికొస్తే అట్టుకుపోరా" అన్నాడు. సామిల్లులో రెండంగుళాల పలకలు కోయించి, చివర్లు పగలకుండా పెయింటు పూసి, నీడలో బద్దలు అడ్డంపెట్టి పేర్చాను. అంగుళం మందానికి ఏడాది ఆరాలని వడ్రంగుల లెక్క. నేను ఆ లెక్కతో పాటు నెలకోసారి ఒక పలకని కాటా మీద పెట్టి రాసుకునేవాణ్ణి. బరువు తగ్గడం ఆగాకే రంపం పట్టాను. అప్పటికి రెండేళ్ళు దాటిపోయింది. ఆత్రగాళ్ళకి పనస పనికిరాదు.

టేకు మాత్రం కూల్చిన పెంకుటింటి గుమ్మం. పాత కలప అమ్మే చోట కొన్నాను. యాభై అరవై ఏళ్ళు గోడలో నిలబడి ఆరిన కర్ర కదా, ఇక కొత్తగా మెలితిరగడానికి దానిలో ఏమీ మిగలదు. కొత్త టేకు ఘనపుటడుగు ధర విన్నాక నాకు ఇదొక్కటే దారి అనిపించింది కూడా.

పనిలో రెండింటి గుణం వేరు. పనస చేవ కోసినప్పుడు పచ్చి పసుపుకొమ్ములా ఉంటుంది, ఎండ తగిలేకొద్దీ బెల్లం రంగుకి తిరుగుతుంది. బర్మాలో భిక్షువుల బట్టలకి రంగు వేసింది ఈ కర్ర పొట్టు ఉడికించిన నీళ్ళతోనేనని చదివినప్పుడు ఆశ్చర్యం వెయ్యలేదు. నా చేతులు, లుంగీ రెండు రోజులు పచ్చగానే ఉన్నాయి. ఉలికి మెత్తగా లొంగుతుంది. కానీ పొర ఒకే దిక్కున నడవదు. చిత్రిక పడుతుంటే ఓ చోట సాఫీగా జారి, నాలుగంగుళాలు దాటగానే చెక్కు లేచిపోతుంది. బ్లేడు పదును పెట్టి, పేపరంత పలచగా తియ్యాలి, లేదంటే ఎమరీ పేపరుతో అరగదీసుకుంటూ కూర్చోవాలి. టేకు పొర చక్కగా ఉంటుంది గాని దానిలో ఇసుక లాంటి పదార్థం ఉంది, గంటకోసారి ఉలి నూరాల్సిందే.

అసలు తేడా బరువులో కనిపించింది. 45 మిల్లీమీటర్ల మందంలో, గుంటలన్నీ తొలిచాక, పనస బాడీ 2 కిలోల 350 గ్రాములు తూగింది. టేకు 2 కిలోల 800. నాలుగు వందల యాభై గ్రాములే కదా అనుకుంటాం. పండక్కి వీధిలో స్టేజీ మీద రెండు గంటలు నిలబడి వాయించి వచ్చిన మా తమ్ముడు ఎడమ భుజం పట్టుకుని ఇచ్చిన తీర్పు నాకు చాలు. బాడీకి పనసే.

చింత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒక పెద్దాయన పట్టుబట్టి సలహా ఇచ్చారు. పైడితల్లమ్మ జాతరలో పూజారిని మోసే సిరిమాను చింతదే కదా, అంత గట్టిది మరొకటి ఉందా అని వాదన. గట్టిదే, కాదనను. మెళ్ళో వేసుకునే వస్తువుకి మాత్రం అంత బరువు వద్దు.

శబ్దంలో తేడా ఎంత అని అడుగుతారు. ఒకే నెక్, అవే తీగలు, అదే పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్ట) రెండు బాడీలకీ మార్చి మార్చి బిగించి ఫోనులో రికార్డు చేశాను. ఆంప్లిఫయరులో (ఆంప్) పెట్టి విన్నప్పుడు ఏది ఏదో మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు, చేసిన నేనూ కనిపెట్టలేదు. ఆంప్ లేకుండా ఒళ్ళో పెట్టుకుని మీటితే పనస కాస్త ఎక్కువ పలుకుతుంది. పికప్‌కీ తీగకీ మధ్య ఎడం ఒక మిల్లీమీటరు మారిస్తే వచ్చే తేడా ఇంతకంటే పెద్దది. కర్ర వల్ల శబ్దం మారుతుందని గంటలు వాదించేవాళ్ళు ముందు స్క్రూడ్రైవరు పట్టుకోవాలని నా అభిప్రాయం.

ఇక నెక్. వీణకి పనికొచ్చిన పనస గిటారు నెక్‌కి ఎందుకు పనికిరాదని నేను చాలా రోజులు మథనపడ్డాను. జవాబు వీణ కట్టుబాటులోనే ఉంది. వీణ దండి లావు, లోపల తొలిచి పైన పలక మూస్తారు, మీద మైనం గట్టు పోసి మెట్లు నిలుపుతారు. కాలక్రమంలో కర్ర కొంచెం కదిలినా మేళం, అంటే మెట్ల వరస, మళ్ళీ కట్టించుకోవచ్చు. మెట్టు చెవితో జరుపుకోవచ్చు. గిటారు నెక్ మందం ఇరవై మిల్లీమీటర్ల చిల్లర. దానిమీద పది నంబరు (సన్నరకం) తీగలు ఆరూ కలిపి దాదాపు 45 కిలోల లాగుడు పెడతాయి. ఫ్రెట్లు, అంటే వీణ మెట్లలాంటి లోహపు పట్టీలు, రంపంతో కోసిన గాడుల్లో దిగేసి ఉంటాయి. స్కేలు (తీగ మోగే పొడవు) 648 మిల్లీమీటర్లయితే మొదటి ఫ్రెట్టు 36.37 దగ్గర, పన్నెండోది సరిగ్గా 324 దగ్గర. గాడి అర మిల్లీమీటరు తప్పితే చెవికి తెలుస్తుంది, దాన్ని జరపడానికి మైనం లేదు. టెలీకాస్టర్ రూపొందించిన లియో ఫెండర్ 1950లో తెచ్చిన మొదటి ఎస్క్వైర్ గిటార్లకే నెక్‌లో ఇనుపకడ్డీ లేదు. నెక్‌లు వంగడంతో కొద్ది నెలల్లోనే ఆ కడ్డీ, అంటే వంపు సరిచేసే ట్రస్ రాడ్, పెట్టాల్సి వచ్చింది. వాళ్ళు వాడింది గట్టి మేపుల్ కర్ర. మరి మన పనస ఎంత?

నేను పనస నెక్‌లోనూ ట్రస్ రాడ్ పెట్టాను. ముందుకు వంగితే అది సరిచేస్తుంది. మెలి తిరిగితే చెయ్యలేదు. శ్రావణంలో వారం రోజుల ముసురు తర్వాత గిటారు ఎత్తి, హెడ్ వైపు నుంచి ఒంటికన్నుతో చూస్తే, నట్టు (హెడ్ దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) ఒక వాలు, పన్నెండో ఫ్రెట్టు ఇంకో వాలు. లావు ఇ తీగ ఐదో ఫ్రెట్టు దగ్గర కందిరీగలా గీపెట్టేది. ఆ నెక్ ఇప్పుడు షెడ్డు తలుపుకి అడ్డగడియ.

టేకు నెక్ నన్ను వేరే విధంగా ఏడిపించింది. ట్రస్ రాడ్‌కి ఆరు మిల్లీమీటర్ల గాడి కొడుతుండగా రౌటర్ (గాడులు తొలిచే మిషను) ఒక్కసారి కీచుమని నిప్పురవ్వ లేచింది. లోపల తల విరిగిన పాత మేకు. కొత్త బిట్టు పళ్ళు రెండూ పోయాయి. వీధి చివర వడ్రంగి మేస్త్రి వచ్చి చూసి, "ఏటి బాబూ, గుమ్మం కర్రన్నాక మేకులుండవేటి? అయస్కాంతం ఆడించి సూసుకోవద్దా?" అన్నాడు. పాత స్పీకరు అయస్కాంతం ఒకటి అప్పటినుంచి బల్ల మీదే ఉంచుతున్నాను.

రెండో తప్పు జిగురుది. టేకులో నూనె ఉంటుంది. మామూలు చెక్క జిగురుతో రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద ఫ్రెట్లు దిగే పలక) అతికించి, రాత్రంతా క్లాంపుల్లో బిగించి, పొద్దున చూసుకుని మురిసిపోయాను. మే నెల ఎండకి ఐదో ఫ్రెట్టు నుంచి హెడ్ దాకా లేచింది. ఆ సందులో బస్సు టిక్కెట్టు దూర్చితే రెండువేళ్ళ లోతు వెళ్ళింది. ఇస్త్రీపెట్టె వేడితో ఊడదీసి, టేకు ముఖాన్ని మళ్ళీ గరుకు చేసి, అసిటోన్‌తో రెండుసార్లు తుడిచి, ఆరిన పది నిమిషాల లోపే ఆరల్డైట్ (ఎపాక్సీ జిగురు) పూసి బిగించాను. ఆలస్యం చేస్తే ఆ నూనె మళ్ళీ పైకి వస్తుంది. మూడు వానాకాలాలు గడిచాయి, అతుకు కదల్లేదు, నెక్ మెలి తిరగలేదు. ఏడాదికి రెండుసార్లు ట్రస్ రాడ్ పావు చుట్టు తిప్పితే సరిపోతోంది.

అందుకే నెక్ విషయంలో టేకే. అదీ పాతదై ఉండాలి, నిలువు పొర ఉన్న ముక్కే ఎంచుకోవాలి. ముక్క కొస మీద రేఖలు ఎలా పడ్డాయో చూడండి, బల్లకి నిటారుగా నిలబడ్డట్టుండాలి, పడుకున్నట్టుంటే వదిలెయ్యండి.

మొదటి గిటారు చేస్తున్నవాళ్ళకి నేనైతే ఈ రెండూ చెప్పను. ఫ్రెట్లు కొట్టి ఉన్న మేపుల్ నెక్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, బాడీ ఒక్కటి పనసతో చెయ్యమంటాను. దానివల్ల గాడులు కొలిచే భయం, ఫ్రెట్ల తలలు సమం చేసే పని తప్పుతాయి. నెక్ వచ్చాకే దాని మడమ (బాడీలో దిగే చివర) కొలిచి బాడీలో గుంట తవ్వాలి. కాగితం మీది కొలత నమ్మి ముందే తవ్వితే వదులవుతుంది, ఆ వదులుని స్క్రూలు దాచలేవు. పనసలో స్క్రూకి ముందుగా సన్నరంధ్రం వేసి, కాస్త కొవ్వొత్తి మైనం రాసి దించండి. నెక్ తరచూ విప్పే అలవాటుంటే దాని స్క్రూలు దిగే నాలుగు చోట్లా ఇత్తడి ఇన్సర్టులు (లోపల మరలున్న గొట్టాలు) బిగించుకోవడం మంచిది, మాటిమాటికీ విప్పితే చెక్కలో పడ్డ మరలు అరిగిపోతాయి.

మావయ్య పలకల్లో ఒకటి ఇంకా అటకమీద ఉంది. గుమ్మం ముక్క కూడా ఒక నెక్‌కి సరిపడా మిగిలింది. మొన్న ఆదివారం అయస్కాంతం ఆడించాను, మూడుచోట్ల అతుక్కుంది.