షుగరు ఉన్నవారి కాలికి ఏ పరీక్ష మేలు? రక్తం చెప్పేదెంత, వేలు చెప్పేదెంత

మధుమేహం ఉన్నవారి కోసమంటూ ల్యాబులు అమ్మే ప్యాకేజీలు ఏటికేడు పొడవవుతున్నాయి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), బీ12, డీ విటమిన్, ఒంట్లో వాపును, ఇన్‌ఫెక్షన్‌ను పట్టిచ్చే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్... రిపోర్టులో నాలుగు అంకెలు నల్లగా ఒత్తి కనిపిస్తే ఇంటిల్లిపాదికీ ఆందోళనే. ఈ జబ్బులో చాలామంది లోలోపల భయపడేది కాలు గురించే కాబట్టి, వీటిలో ఏది కాలి ముప్పును ముందే పట్టిస్తుందని అడగడం సహజం. ఆ భయమూ ఊరకే పుట్టింది కాదు. మధుమేహం ఉన్నవారికి జీవితకాలంలో పాదానికి పుండు పడే అవకాశం 19 నుంచి 34 శాతం దాకా ఉంటుందని అంచనా. మానిన పుండు ఏడాదిలోపు తిరగబెట్టడం సుమారు 40 శాతం మందిలో జరుగుతుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. పాదం మీద చర్మం చెక్కుచెదరనంత కాలం, పుండు ఎవరికి పడబోతోందో చెప్పడంలో రక్త పరీక్షలన్నీ వేలి స్పర్శ ముందు దిగదుడుపే. చర్మం తెగాక మాత్రం రక్తం మాట వినాలి. ఈ రెండు సందర్భాలనూ కలగలిపేయడం వల్లే డబ్బు వృథా అవుతోంది.

పాదాల జబ్బుపై మార్గదర్శకాలు ఇచ్చే ఐడబ్ల్యూజీడీఎఫ్ అనే అంతర్జాతీయ బృందం ముప్పును నాలుగు మెట్లుగా విభజించింది. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగున్నవారు సున్నా మెట్టులో ఉంటారు. వారు ఏడాదికోసారి పాదాలు చూపించుకుంటే చాలు. స్పర్శ పోవడమో ప్రసరణ తగ్గడమో ఉండి, దానికి తోడు పాత పుండు, తీసేసిన వేలు లేదా పూర్తిగా చెడిన కిడ్నీలు ఉంటే పై మెట్టు. వారిని 1 నుంచి 3 నెలలకోసారి చూడాలి. ఈ పట్టిక మొత్తం వెతికినా హెచ్‌బీఏ1సీ కనిపించదు, సీఆర్‌పీ కనిపించదు. రక్త పరీక్షతో తేలేది కిడ్నీ సంగతి ఒక్కటే.

మరి స్పర్శను చూడటమెలా? ఆసుపత్రిలో 10 గ్రాముల బలానికి వంగే నైలాన్ పోగును, అంటే మోనోఫిలమెంట్‌ను, పాదం మీద ఆనిస్తారు. ఆనెకాయ ఉన్నచోట ఆనిస్తే ఆ పరీక్షకు అర్థం లేదు. ఇంట్లో అయితే ఆ పోగు కూడా అక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు రూపొందించిన పద్ధతి ఒకటుంది. మనిషిని కళ్లు మూసుకోమని, ముందుగా కుడి కాలి బొటనవేలి కొసను, కుడి చిటికెన వేలిని, తరువాత ఎడమ బొటనవేలిని, ఎడమ చిటికెన వేలిని, చివరికి రెండు పాదాల మధ్యవేళ్లను చూపుడు వేలితో తేలిగ్గా తాకాలి. ఒక్కోచోట ఒకటి రెండు సెకన్లు. నొక్కకూడదు, రుద్దకూడదు. తాకినప్పుడల్లా ఆయన ‘కుడి’ అనో ‘ఎడమ’ అనో చెప్పాలి. చెప్పకపోతే మళ్లీ తాకి గుర్తు చేయకూడదు, ఆ వేలు తప్పిందని రాసుకోవడమే. ఆరింటిలో రెండు తప్పినా స్పర్శ తగ్గినట్టే లెక్క. ఓడిపోకూడదన్న పట్టుదలతో ఊహించి జవాబిచ్చే పెద్దలూ ఉంటారు కాబట్టి, మధ్యలో కాసేపు తాకకుండా ఊరుకుని చూడటం మంచిది.

ఇక హెచ్‌బీఏ1సీ. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బ్రిటన్‌లో టైప్ 2 మధుమేహంపై సాగిన యూకేపీడీఎస్ అధ్యయనం 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఈ అంకె ఒక శాతం తక్కువగా ఉన్నవారిలో కాలో వేలో తీసేయాల్సి రావడం, లేదా కాళ్ల రక్తనాళాల జబ్బుతో చనిపోవడం 43 శాతం తక్కువగా కనిపించింది. అయితే అది కారణాన్ని కొలుస్తుంది, జరిగిపోయిన నష్టాన్ని కొలవదు. పదిహేనేళ్లు షుగరు అదుపులో లేక నరాలు చచ్చుబడ్డాక, నిరుడే బుద్ధిగా మందులు మొదలుపెట్టి 6.5కు తెచ్చుకున్నాయన రిపోర్టు చూసి మురిసిపోతాడు. చెప్పులో దూరిన గులకరాయి మాత్రం ఆయనకు తెలియదు. ఈ మధ్యే జబ్బు బయటపడి 9 ఉన్న మనిషికి అది వెంటనే తెలుస్తుంది. ఈ ఏడాది పుండు పడే ముప్పు వీరిద్దరిలో మొదటాయనకే ఎక్కువ. పైగా ఈ అంకెను మరీ వేగంగా, మూడు నెలల్లో రెండు శాతానికి మించి దించితే కొందరికి కాళ్లలో విపరీతమైన మంటలు, నొప్పులు మొదలవుతాయి.

మరో చిక్కు కిడ్నీ దగ్గర వస్తుంది. డయాలసిస్ మీద ఉన్నవారిలో ఎర్రకణాల ఆయుష్షు తగ్గుతుంది, రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లతో కొత్త కణాలు ఎక్కువవుతాయి. దాంతో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. కాలి ముప్పు అందరికంటే ఎక్కువగా ఉన్నవారికే రిపోర్టు బాగుందని చెబుతుందన్నమాట. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే ఇదే పరీక్ష తలకిందులై ఎక్కువ చూపగలదు. అందుకే పుండు లేని కాలి కోసం ఒక్క రక్త పరీక్షనే ఎంచుకోమంటే నేను క్రియాటినిన్‌నే ఎంచుకుంటాను, దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్‌తో, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకెతో కలిపి.

బీ12 సంగతి వేరు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడేవారిలో అది తగ్గవచ్చు. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్లలో అసలే తక్కువ. తిమ్మిర్లన్నీ షుగరు వల్లేనని సరిపెట్టుకుంటే, సరిచేయగలిగిన కారణం చేజారిపోతుంది. అయితే ‘నరాల బలానికి’ ఇంజెక్షన్లు వేయించుకున్నాక చేసే బీ12 పరీక్ష చెప్పేదేమీ ఉండదు. ముందు రక్తం ఇవ్వాలి, తరువాత సూది.

పుండు పడితే పోటీ మారుతుంది. ఇక్కడ ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ బరిలోకి దిగుతాయి. ఈఎస్‌ఆర్ పాతకాలపు పరీక్ష. సన్నని నిలువు గొట్టంలో రక్తం పోసి గంటసేపు వదిలేస్తే, ఎర్రకణాలు కిందికి దిగి పైన పసుపు ద్రవం తేరుతుంది. ఆ తేరిన ఎత్తే మిల్లీమీటర్లలో రిపోర్టు. నెమ్మదిగా పెరుగుతుంది, నెమ్మదిగా తగ్గుతుంది. వయసు, రక్తహీనత, కిడ్నీ జబ్బు కూడా దాన్ని పెంచుతాయి. అయినా పాదానికి లోతైన పుండు ఉండి ఈఎస్‌ఆర్ 70 దాటితే ఎముకకు చీము పట్టిందేమోనని గట్టిగా అనుమానించాలి. ఎముకలో మార్పు ఎక్స్‌రేలో తేలడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు కాబట్టి, తొలి ఎక్స్‌రే బాగుందని ఊరుకోకూడదు. సర్జన్ మొండి కొస ఉన్న లోహపు పుల్లను పుండులోకి పోనిచ్చి, గట్టిగా తగిలితే ఎముక దాకా పోయిందనుకోవడం నేటికీ నమ్మదగిన పరీక్షే.

సీఆర్‌పీ చురుకైనది. ఇన్‌ఫెక్షన్ మొదలైన కొన్ని గంటల్లోనే లేస్తుంది, మందు పనిచేస్తే రోజుల్లోనే దిగుతుంది. యాంటీబయాటిక్ పట్టు చిక్కిందా లేదా అన్నది చూడటానికి ఈఎస్‌ఆర్ కంటే ఇది మేలు. ఎముక మీద అనుమానానికి ఈఎస్‌ఆర్ మేలు. కొన్ని ల్యాబులు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాములలో, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. ల్యాబు మార్చినప్పుడు యూనిట్ చూసుకోకపోతే పది రెట్ల తేడా వచ్చి, తగ్గినదాన్ని పెరిగిందనుకుంటాం. ప్యాకేజీలో వచ్చే హెచ్‌ఎస్-సీఆర్‌పీ అయితే గుండె ముప్పు అంచనాకు ఉద్దేశించినది, పుండు కోసం చేయించాల్సింది అది కాదు.

ఇన్‌ఫెక్షన్ తీవ్రతను చూసే ప్రోకాల్సిటోనిన్ అనే రక్త పరీక్ష వీటన్నిటికంటే ఖరీదు. విషం ఒళ్లంతా పాకిందేమోనన్న అనుమానంతో ఆసుపత్రిలో చేర్చినప్పుడు పనికొస్తుంది, వీధి చివరి ల్యాబులో సొంతంగా చేయించుకునే పని లేదు. న్యూట్రోఫిల్, లింఫోసైట్ అనే రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి మీద ఈమధ్య పరిశోధనలు ఎక్కువయ్యాయి. మామూలు రక్తకణాల పరీక్షలోంచే లెక్కగట్టవచ్చు కనుక చవక, కానీ ఎంత దాటితే ప్రమాదమో అందరూ ఒప్పుకున్న అంకె లేదు. డీ విటమిన్ తక్కువైతే కాలికి ముప్పని చెప్పి అమ్మడం నాకు నచ్చదు. మన దగ్గర అది చాలామందిలో తక్కువే, దాన్ని పెంచితే పుండ్లు ఆగుతాయన్న గట్టి రుజువూ లేదు.

తెల్లకణాల లెక్కను మాత్రం అతిగా నమ్మవద్దు. మధుమేహంలో పాదం లోపల చీము పట్టి ఉన్నా, ఆ సంఖ్య మామూలుగా రావడం, జ్వరం కూడా లేకపోవడం తరచుగా జరిగేదే. పాదం ఎర్రబడి, వేడెక్కి, వాసన వస్తున్నప్పుడు ల్యాబు కాగితం ఎంత బాగున్నా సరే, ఆ రోజే సర్జన్‌కు చూపించాలి.