ఓ-రింగ్ ఫేస్ సీల్ ఫిట్టింగులు: ఏళ్ల వాడకం తర్వాత

హైడ్రాలిక్ యంత్రాల మరమ్మతులో హోస్‌లను, పైపులను కలిపే ఈ ఫిట్టింగులను ఏళ్ల తరబడి బిగిస్తున్నాను, విప్పుతున్నాను. లీకు ఆపడంలో వీటికి సాటి లేదు. గుర్తుపట్టే దగ్గర మాత్రం చుక్కలు చూపిస్తాయి.

ముందు మంచి సంగతి. ఇందులో ఆయిల్‌ను ఆపేది థ్రెడ్డు కాదు. రెండు ముక్కల్నీ గట్టిగా పట్టి ఉంచడంతో దాని పని అయిపోతుంది. మగ ముక్క చదునైన ముఖం మీద గాడి, ఆ గాడిలో రబ్బరు రింగు, దానికి ఎదురుగా ఇంకో చదునైన ముఖం. ప్రెజర్ పెరిగినప్పుడు ఆయిలే రింగును గాడి గోడకేసి అదుముతుంది, పట్టు ఇంకా బిగుస్తుంది. ఎన్‌పీటీ అనే, చివరికి సన్నబడే పైపు థ్రెడ్డులో థ్రెడ్డే సీల్ కావాలి. అందుకే టేపు చుట్టాలి, ఎక్కువ బిగిస్తే పోర్టు, అంటే ఫిట్టింగు ఎక్కే రంధ్రం, పగులుతుందేమోనని భయం. జేఐసీ అనే ఇంకో రకం ఫిట్టింగులో 37 డిగ్రీల కోన్ ఇనుముకు ఇనుము ఆనాలి. అది చెడ్డదేమీ కాదు గానీ, అదురుడు ఎక్కువున్న చోట కాస్త వదులైతే చాలు, చెమ్మ మొదలవుతుంది. ఒక పాత లోడరు బూమ్ లైన్లకు జేఐసీ తీసేసి ఫేస్ సీల్ వేశాక, ఆ జాయింట్లను గుడ్డతో తుడిచే పనే పోయింది.

ఇరుకు చోట్ల దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. లోపలికి దూరాల్సిన కోన్ లేదు కాబట్టి, పైపును వెనక్కి లాగకుండా హోస్‌ను పక్కనుంచి జరిపి ముఖానికి ముఖం ఆనించవచ్చు. బిగించేటప్పుడు ముఖాలు కలిసిన క్షణం స్పానర్‌కు ఠక్కున తెలుస్తుంది. రెండో స్పానర్‌తో హోస్ చివరను పట్టుకోకపోతే మాత్రం హోస్ మెలితిరుగుతుంది.

ఇక తలనొప్పి. 9/16-18 థ్రెడ్డు (9/16 అంగుళం వ్యాసం, అంగుళానికి 18 మరలు) చేతికొచ్చిందనుకోండి. ఫేస్ సీల్‌లో అది డాష్ 4 (డాష్ అంకె అంటే పైపు సైజు, అంగుళంలో పదహారో వంతుల్లో). జేఐసీలోనూ, పోర్టులోకి ఎక్కే ఓ-రింగ్ బాస్ అనే రకంలోనూ అదే థ్రెడ్డు డాష్ 6. కాబట్టి జేఐసీ డాష్ 6 నట్టు ఫేస్ సీల్ డాష్ 4 మగ ముక్క మీద హాయిగా ఎక్కుతుంది, సీల్ మాత్రం అవదు. డాష్ 8 ఫేస్ సీల్ థ్రెడ్డు 13/16-16, అంటే బయటి వ్యాసం సుమారు 20.6 మిల్లీమీటర్లు. అర అంగుళం బీఎస్‌పీపీ (బ్రిటిష్ పైపు థ్రెడ్డు) దాదాపు 20.9. అరిగిన ముక్క మీద కాలిపర్‌ను నమ్మలేం, పిచ్ గేజ్ పెట్టి అంగుళానికి 16 మరలా, 14 మరలా అని చూడాల్సిందే. నేనైతే కొలతకంటే ముందు రింగు ఎక్కడుందో చూస్తాను. ముఖం మీదుంటే ఫేస్ సీల్, థ్రెడ్డు మొదట్లో ఉంటే బాస్.

రింగు విషయంలో అందరూ తేలిగ్గా తీసుకుంటారు, నాకు నచ్చనిది అదే. నల్లగా, గుండ్రంగా ఉంటే సరిపోదు. ఫేస్ సీల్‌కు కావాల్సింది 90 డ్యూరోమీటర్ గట్టిదనమున్న నైట్రైల్ రబ్బరు. మామూలు డబ్బాల్లో ఎక్కువగా దొరికేది 70. ఎక్కువ ప్రెజర్‌లో ఆ మెత్తటి రింగు సందులోకి జారి, అంచు కొరికినట్టు తెగుతుంది. మందం కూడా వేరు: డాష్ 6లో ఫేస్ సీల్ రింగు 1.78 మిల్లీమీటర్లు, బాస్ రింగు 1.98. రెండింటినీ ఒకే డబ్బాలో కలిపేసే స్టోరు మీద నాకు పట్టరాని కోపం. ఫాస్ఫేట్ ఎస్టర్ (తేలిగ్గా మంట అంటుకోని హైడ్రాలిక్ ద్రవం) వాడే యంత్రానికి నైట్రైల్ పనికిరాదు, ఈపీడీఎం అనే వేరే రబ్బరు కావాలి. ఆ ఈపీడీఎం మినరల్ ఆయిల్‌లో పడితే ఉబ్బి చెడుతుంది.

తల పైన బిగించేటప్పుడు రింగు గాడిలోంచి జారి పడటం ఇంకో చిరాకు. రింగుకు, ఆయిల్‌కు పడే గ్రీజు కొద్దిగా రాస్తే నిలుస్తుంది. ముఖం మీద అడ్డంగా ఒక్క గీత పడినా కొత్త రింగు కూడా కాపాడదు, అందుకే విప్పిన వెంటనే ప్లాస్టిక్ మూత పెడతాను.

బాస్ ఎల్బోలకు, అంటే వంపు తిరిగిన బాస్ ఫిట్టింగులకు, ఒక మాట. లాక్ నట్టును పూర్తిగా వెనక్కి తిప్పి, వాషర్ పోర్టుకు ఆనేదాకా చేత్తో ఎక్కించాలి. కావలసిన దిక్కుకు ఒక చుట్టు మించకుండా వెనక్కి తిప్పి, ఎల్బోను పట్టుకుని నట్టు బిగించాలి. నట్టును ముందే కిందకు దించి పెడితే వాషర్ రింగును నలిపేస్తుంది.

ప్రెజర్ తక్కువుండే, ఎప్పుడూ కదలని రిటర్న్ లైన్లకు ఇవి వేయమని నేను చెప్పను, అక్కడ జేఐసీ చాలు. పంపు అవుట్‌లెట్, బూమ్ సిలిండర్, వాల్వ్ బ్లాక్ దగ్గర మాత్రం వేరే ఫిట్టింగు అడగను. జాయింటు విప్పిన ప్రతిసారీ రింగు మారుస్తాను, పాతది చూడటానికి బాగున్నా సరే. చెమ్మ ఎక్కడ వస్తోందో వెతికేటప్పుడు చెయ్యి పెట్టను, అట్టముక్క ఆడిస్తాను: సన్నటి చిమ్ము కంటికి కనబడదు గానీ చర్మంలోంచి లోపలికి దూరుతుంది.